బఠాణీ చేపలకు మేత

శుక్రవారం వస్తే నడికుడి గేటు వీధిలో నీళ్లు నిలవవు. ఫిలోమినా నిలవనివ్వదు. ఆమె తొమ్మిదేళ్లుగా ఆ వీధికి ఆశా కార్యకర్త. శుక్రవారాన్ని నిలవ నీళ్లు పారబోసే డ్రై డేగా పెట్టింది ప్రభుత్వమే అయినా, ఆ వీధివాళ్లు మాత్రం అది ఫిలోమినా సొంతంగా కనిపెట్టిన బాధ అనే అనుకుంటారు. పొద్దున్నే ఆశా చీర కట్టుకుని, సుద్దముక్క పట్టుకుని బయల్దేరుతుంది. డ్రమ్ములు, తొట్లు, పూలకుండీల కింద పళ్లేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కోళ్లకి నీళ్లు పెట్టే మూకుళ్లు. దేంట్లోనైనా నీళ్లు కదలకుండా కనపడితే చాలు, వంగి చూస్తుంది. అందులో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ గిలగిల్లాడుతుంటే ఇంటావిడని పిలిచి చూపిస్తుంది.

"ఏంది వదినా ఇది? దోమల్ని పెంచి అమ్ముతావా ఏంది?"

జవాబు కోసం ఆగదు. అక్కడికక్కడే బోర్లించేస్తుంది. తర్వాత తలుపు పక్కన గోడ మీద సుద్దతో తేదీ వేసి, పక్కన టిక్కు పెట్టి, ఫోన్లో ఫొటో తీసుకుని, పక్కింటికి పోతుంది.

మొదటి టిక్కు మాత్రం ఎప్పుడూ తన ఇంటి గోడ మీదే పడుతుంది. ఒక కాలికి చెప్పు వేసుకుంటూ తేదీ రాస్తుంది, రెండో కాలికి వేసుకుంటూ టిక్కు పెడుతుంది. లోపల చూసేదేమీ ఉండదు. ఆశా ఇంట్లో దోమలుంటాయా? ఆ అనుమానం వీధిలో ఎవరికీ రాలేదు, ఆమెకీ రాలేదు.

అందరికంటే ఎక్కువ పోరు పక్కింటి తస్లీమ్‌తో. తస్లీమ్ భర్త జాన్ సాహెబ్ ఇంటి ముందు రేకుల షెడ్డులో కూలర్లు బాగుచేస్తాడు. కూలరంటేనే నీళ్లు. ఆ షెడ్డులో ఏ మూల ఏ తొట్టి ఉందో ఫిలోమినాకి తెలిసినంత బాగా జాన్ సాహెబ్‌కే తెలియదు. "నువ్వు మా ఇంటికి చుట్టంగా రావే తల్లీ, ఎప్పుడూ జప్తుకొచ్చినట్టే వస్తావు," అనేది తస్లీమ్. అయినా బక్రీదుకి బిర్యానీ వచ్చేది, క్రిస్మస్‌కి అరిసెలు పోయేవి. శుక్రవారం గొడవ శుక్రవారానికే.

ఇదంతా అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండే మనిషి ఫిలోమినా భర్త ఐజాక్. చూడడమే తప్ప, ఏమీ అనడు.

ఒకప్పుడు అట్లా కాదు. ఐజాక్ పెళ్లికి ముందు నుంచీ రైల్వే గేట్‌మన్. గేటు పడితే అవతలా ఇవతలా ఆగిన జనమంతా ఐజాక్ సొత్తు. ఎవరింట్లో బర్రె ఈనింది, ఎవరికి ఏ సంబంధం వచ్చింది, దాచేపల్లిలో మిర్చి రేటెంత, వంకాయ కూరలో కారం ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా, అన్నీ ఆ గేటు దగ్గరే తేలేవి. రైలు వెళ్లిపోయి గేటు లేచినా కొందరు కదిలేవాళ్లు కాదు. ఇంటికొచ్చాక మిగిలిన మాటలన్నీ పెళ్లానికి. "నోటికి కూడా గేటు పెట్టించమని ఆఫీసరుకి అర్జీ పెడతా," అని విసుక్కునేది ఫిలోమినా. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తుంది ఆమెకి.

కిందటి వానాకాలంలో ఒకరోజు గేటు వేసి ఉంది. గూడ్సు వస్తోంది. ఎవరో ఊరుకాని మనిషి బండి పక్కకి వంచి గేటు కింద నుంచి దూరాడు. ఐజాక్ జెండా ఊపుతూ "ఆగు" అని అరిచాడు. ఆ అరుపు అవతల మిర్చి చేలో కలుపు తీసేవాళ్లందరికీ వినపడింది. వినపడాల్సిన ఆ ఒక్కడికే వినపడలేదు.

విచారణ జరిగింది. గేటు సరిగ్గానే వేసి ఉంది, తప్పు గేట్‌మన్‌ది కాదు అని తేల్చారు. ఆఫీసరు భుజం కూడా తట్టాడట. గేటు నుంచి తీసి స్టేషన్‌లో చిన్న పనులకి వేశారు. ఐజాక్ ఆ రోజు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. అంతే, మాట ఆగిపోయింది. ఊ అంటాడు, వద్దు అంటాడు, చాలు అంటాడు. ఆ మూడు ముక్కలతో ఆరు నెలలు గడిపాడు. గుంటూరులో పెద్ద డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, గొంతు బాగానే ఉందన్నాడు. మనసు నెమ్మదించాలి, ఇంట్లో చేపల తొట్టి పెట్టుకోండి, చూస్తూ కూర్చుంటే బీపీ కూడా తగ్గుతుంది అని చెప్పాడు.

చేపల పని ఫిలోమినా తమ్ముడు సామ్యేలు తన మీద వేసుకున్నాడు. అతను కేరళ పోయే ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ బోగీలో దుప్పట్లు పంచే పని చేస్తాడు. ఒకనాడు ఆ రైలు నడికుడిలో ఆగీ ఆగకముందే తలుపులో నిలబడి, గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ కవరొకటి అక్క చేతిలో పెట్టాడు.

"బఠాణీ చేపలంటక్కా. అక్కడ వాగుల్లో ఉంటయ్యంట. ఇంతకంటే పెరగవు. గొడవ చెయ్యవు. బావకి సరిగ్గా సరిపోతయ్యి," అని చెప్పి దుప్పట్లతో పాటు వెళ్లిపోయాడు.

పెరగవన్నది నిజమే. ఆరు చేపలు, ఒక్కొక్కటి బఠాణీ గింజకి తోక మొలిచినట్టుంది. ఆకుపచ్చా పసుపూ కలిసిన ఒళ్లు, నల్ల మచ్చలు, గుండ్రటి పొట్ట. గొడవ చెయ్యవన్నదే అబద్ధం. తొట్టిలో వేసిన గంటకే ఆరూ ఆరు మూలలు పంచుకోబోయాయి. తొట్టికి నాలుగే మూలలు. దాంతో మొదలైంది. ఒకదాని తోక ఒకటి కొరకడం, తరమడం, మొక్కల వెనక దాక్కుని మళ్లీ కొరకడం. బెదిరితే ఒళ్లంతా ఉబ్బిపోతాయట, కానీ ఒకదాన్ని చూసి ఒకటి బెదిరే రకాలు కావవి. అన్నిటికంటే ఫిలోమినాకి నచ్చనిది వాటి చూపు. ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ విడివిడిగా తిప్పుతూ, గాజు దగ్గరికి వచ్చి మనిషిని ఎగాదిగా చూస్తాయి. బీపీ తగ్గించే మొహాలు కావు.

వేసిన మేత తినలేదు. గుంటూరు నుంచి తెచ్చిన గుళికల మేత ఆరూ వచ్చి చూశాయి, వెళ్లిపోయాయి. మరునాడూ అంతే. ఆ మరునాడు ఫిలోమినా పప్పు తిరగమోత పెడుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"ఇయ్యి తినట్లా."

ఫిలోమినా ఉలిక్కిపడి వాకిట్లోకి చూసింది, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. వెనక్కి తిరిగితే ఐజాక్.

"ఏయ్యి?" అంది, తిరగమోత మాడిపోతున్నా పట్టించుకోకుండా.

"బఠాణీలు. పాణం ఉన్నదే తింటయ్యంట. ఫోన్లో చూశా. నత్తలు కావాలంట."

అంత పెద్ద మాట విని ఆరు నెలలైంది. ఆ పూట పప్పు మాడింది, ఇద్దరూ దాన్నే తిన్నారు. తిన్నాక ఇద్దరూ కలిసి సాగర్ నీళ్లొచ్చే మేజరు కాలవకి పోయి గట్టు వెంట చిన్న నత్తలు ఏరారు. రైల్వేలో పనిచేసే మనిషి వంగి నత్తలు ఏరుతుంటే చూసినవాళ్లు మొలలకి మందు అనుకున్నారు. ఫిలోమినా కాదనలేదు.

నత్తలు తొట్టిలో పడ్డాక బఠాణీలు బతికాయి, బఠాణీలతో పాటు ఐజాక్ నోరూ కొంచెం తెరుచుకుంది. చేపలకి స్టేషన్ల పేర్లు పెట్టాడు. నడికుడి, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, విష్ణుపురం. డ్యూటీ నుంచి రాగానే తొట్టి ముందు కూర్చుని రిపోర్టు చెప్పేవాడు. "మాచర్ల ఇయ్యాల సత్తెనపల్లి తోక కొరికింది." "గురజాల నత్తని ఊడబెరికి తిన్నది, చిప్ప మిగిల్చింది." "విష్ణుపురం ఎవురితోనూ కలవదే. ఏటి అవతల్ది గదా."

ఫిలోమినా కూరగాయలు కోస్తూ, "నీ చేపల గోల నాకెందుకయ్యా," అనేది. ఒక్క మాట పోకుండా వినేది. చేపల సంగతి తప్ప అతను ఇంకేమీ మాట్లాడడని ఆమెకి తెలుసు. అయినా చాలనుకుంది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, దేవుడు మా ఇంట్లో మేలు చేశాడు అని మాత్రం చెప్పింది. ఆ మేలు నత్తలు తింటుందని చెప్పలేదు.

ఎండాకాలంలో సాగర్‌లో నీళ్లు తగ్గి కాలవ కట్టేశారు. ఎండిన కాలవలో నత్తలు చచ్చి చిప్పలు మిగిలాయి. ఇక చేపలు పస్తే అనుకుంది ఫిలోమినా. కానీ తొట్టిలో బఠాణీల పొట్టలు గుండ్రంగానే ఉన్నాయి. ఐజాక్ రిపోర్టులూ ఆగలేదు. ఇవేం తింటున్నాయి అని అడగాలని అనుకుంటూనే ఉంది. అడిగితే ఆ మాటలు ఎక్కడ ఆగిపోతాయో అని అడగలేదు.

జూన్‌లో ఒకరోజు వాన మబ్బు పడితే మిరపకాయలు తియ్యడానికి డాబా ఎక్కింది. నీళ్ల ట్యాంకు వెనక నీలం బకెట్టు కనిపించింది. దాని మీద పాత దోమతెర ముక్క, చుట్టూ తాడు. ఆ దోమతెర ఆమె ఇంటింటికీ పంచినవాటిలో మిగిలినదే. విప్పి చూసింది. నీళ్లలో నాలుగు ఎండుటాకులు. మిగతాదంతా పురుగులే. ఇసకేస్తే రాలనంత పురుగులు. తన ఉద్యోగంలో అంత మంచి పంట ఆమె ఎక్కడా చూడలేదు.

చెయ్యి బకెట్టు అంచు మీదికి దానంతటదే పోయింది. శుక్రవారం కాకపోయినా ఆ చేతికి అలవాటు.

"బోర్లించమాకే," అన్నాడు ఐజాక్. మెట్ల మీద నిలబడి ఉన్నాడు, చేతిలో టీ వడకట్టే జాలి. "సాయంత్రం కాసేపు తెర తీస్తా, దోమలొచ్చి గుడ్లు పెడతయ్యి. రోజూ పొద్దున వడకడతన్నా. తోక ముడుచుకుని బరువుగా తిరుగుతన్నయ్యి చూడు, ముందు అయ్యే తీస్తా. అయ్యి ఉంటే రెక్కలొచ్చి ఎగిరిపోతయ్యి. ఒక్కదాన్ని ఎగరనియ్యలా నేను. మాచర్లకి పెద్దయ్యి ఇష్టం. గురజాల నోరు చిన్నది, దానికి సన్నయ్యి వెయ్యాల. విష్ణుపురానికి విడిగా వెయ్యాలే, అందర్లో తినదు, సిగ్గు దానికి. నిన్న నా చేతి కాడికి వచ్చింది తెలుసా. రెండు కళ్లూ నా మీదే పెట్టింది."

ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఫిలోమినా వింటున్నది అతని మాటలు కాదు, ఆ గొంతు. పెళ్లైన కొత్తలో గేటు గదిలో కూర్చోబెట్టుకుని రైళ్ల గురించి చెప్పిన గొంతు. వీధిలో ఉన్న ప్రతి ఇంట్లో పురుగుల బకెట్టు బోర్లించిన మనిషి, తన ఇంట్లో బకెట్టు అంచు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"తెర చిరిగింది చూసుకున్నావా?" అంది. "కిందికి తీసుకురా, కుట్టిస్తా."

కుట్టింది కూడా, రెండు వరసలు. ఆ తర్వాతి శుక్రవారం చెప్పులేసుకుంటూ తన గోడ మీద తేదీ రాసింది. టిక్కు పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం తొందరపడింది. ఆ రోజు తస్లీమ్ ఇంట్లో కూలరు తొట్టి బోర్లిస్తూ, ఎప్పుడూ అనే "అమ్ముతావా ఏంది" అన్న మాట అనలేదు. తస్లీమ్ ఆశ్చర్యపోయి, ఒంట్లో బాగాలేదా వదినా అని అడిగింది.

జులైలో జాన్ సాహెబ్‌కి జ్వరం వచ్చింది. ఊళ్లో డాక్టరు ఇంజెక్షన్ వేశాడు. తగ్గలేదు. ఎముకలు విరిచేస్తున్నాయి, కళ్ల వెనక నొప్పి అంటే రక్తం తీసి చూశారు. డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. తస్లీమ్ బురఖా తొడుక్కుని ఆటో ఎక్కుతూ, "వదినా, కోళ్లకి గింజలెయ్యి," అని తాళంచెవి ఫిలోమినా చేతిలో పెట్టింది.

ఏఎన్ఎం వచ్చింది, పొగ మిషను వచ్చింది, చుట్టుపక్కల ఇళ్లన్నీ వెతకాలని చెప్పారు. ఫిలోమినా ముందు నడిచి ఇల్లిల్లూ చూపించింది. ఆమె ఇంటి దాకా వచ్చేసరికి ఏఎన్ఎం గోడ మీద టిక్కు చూసి, "మీది చూసేదేముందిలే ఫిలోమినమ్మా, ఎండ చంపేస్తంది, మంచినీళ్లియ్యి," అని అరుగు మీద కూలబడింది. ఫిలోమినా నీళ్లిచ్చింది.

వాళ్లు వెళ్లగానే డాబా ఎక్కింది. బకెట్టు పిడి దగ్గర, ఆమె కుట్టిన రెండు వరసల పక్కనే, తెర తాడు లోంచి జారి వేలు పట్టేంత సందు ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. దాంట్లోంచి ఎన్ని పోయాయో తెలియదు. జాన్ సాహెబ్‌ని కుట్టిన దోమ ఈ బకెట్టుదో, ఆయన షెడ్డుదో, స్టేషన్ వెనక గుంటదో ఎవరూ చెప్పలేరు. దోమ ఆధార్ కార్డు పట్టుకు తిరగదు. అదంతా ఫిలోమినాకి తెలుసు, ఆమే నలుగురికీ చెప్పే మనిషి. అయినా కోళ్లకి గింజలు వెయ్యడానికి తస్లీమ్ ఇంటి తాళం తీసినప్పుడల్లా, ఖాళీగా ఉన్న ఆ షెడ్డు వైపు చూడకుండా తల తిప్పుకునేది.

శుక్రవారం వచ్చింది. ఒక కాలికి చెప్పు వేసుకుని, గోడ మీద తేదీ రాసింది. సుద్దముక్క అక్కడే ఆగింది. ఎంత సేపటికీ టిక్కు పడలేదు. చెప్పు విడిచి, లోపలికి పోయి, డాబా ఎక్కి, బకెట్టు ఎత్తుకుని మెట్లు దిగింది. తొట్టి ముందు కూర్చున్న ఐజాక్ లేచి అడ్డం వచ్చాడు. పిడి పట్టుకున్నాడు.

"ఆ మనిషి పేటలో సెలైన్ మీదున్నాడు," అంది ఫిలోమినా. "తెరకి సందు పడిందయ్యా. నేను చూశా. ఇంక నా వల్ల కాదు."

ఐజాక్ పిడి వదల్లేదు. తొట్టి వైపు చూశాడు.

"ఆగవే," అన్నాడు.

ఆ గూడ్సు రోజు తర్వాత అతని నోట ఆ మాట రాలేదు. స్టేషన్‌లో కూడా ఎవరినీ ఆగమని అనడు, చెయ్యి అడ్డం పెడతాడంతే. ఇప్పుడు తనని ఆగమంటున్నాడు. ఆగకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆగితే రేపు ఏ ముఖంతో తస్లీమ్ ఇంటి తాళం తీస్తుంది?

ఆగలేదు. బకెట్టు లాక్కుని వీధి మధ్యకి నడిచి, పగలు అందరూ చూస్తుండగా సిమెంటు రోడ్డు మీద బోర్లించింది. పురుగులు ఎండలో కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. పంక్చర్లు వేసే షబ్బీర్ రెంచి పట్టుకుని లేచి నిలబడ్డాడు. నాలుగిళ్ల ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు.

"ఇది మా ఇంట్లోదే," అంది ఫిలోమినా, ఎవరూ అడగకముందే. "మా ఆయన చేపలకి మేతని నేనే పెట్టనిచ్చా. నాకు తెలిసే ఉంది. జాన్ సాహెబ్ అన్నకి జ్వరం దీనివల్లనే అయినా అయ్యుంటది. ఏమన్నా అనాలంటే అనండి."

షబ్బీర్ ఒక్కడే నవ్వబోయి, వాళ్లమ్మ చూపు తగిలి దగ్గాడు. ఫిలోమినా ఖాళీ బకెట్టుతో వెనక్కి వచ్చి, తన గోడ మీద తేదీ పక్కన ఇంటూ గుర్తు పెట్టి, ఫొటో తీసి పంపింది. తర్వాత మిగతా ఇళ్లకి పోయింది. ఆ రోజు ఒక్కరూ ఆమెతో గొడవ పడలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఇంట్లో మాట ఆగిపోయింది. ఊ కూడా లేదు, తల ఊపడమే. ఐజాక్ డ్యూటీకి పోతున్నాడు, వస్తున్నాడు, తొట్టి ముందు కూర్చుంటున్నాడు. బఠాణీల పొట్టలు లోపలికి పోయాయి. ఫిలోమినా చెయ్యని ప్రయత్నం లేదు. ఉడికించిన గుడ్డు తెల్లసొన వేసింది. చీమల గుడ్లు వేసింది. ఎండురొయ్యల పొడి వేసింది. ఆరూ గాజు దగ్గరికి వచ్చి, ఒక కంటితో మేతనీ ఒక కంటితో ఆమెనీ చూసి వెళ్లిపోయాయి. సామ్యేలు ఐసులో పెట్టి ఏవో పురుగులు తెచ్చాడు గానీ, రైలు ఆలస్యమై ఐసు నీళ్లై, పురుగులు కంపై వచ్చాయి. మాచర్ల ఆకలికి విష్ణుపురం తోక సగం కొరికేసింది. అది మొక్క అడుగున నక్కింది.

"చేసింది తప్పు కాదు," అని తనకి తాను చెప్పుకునేది ఫిలోమినా. చెప్పుకుని మళ్లీ ఏడ్చేది. సరైన పని చేసినందుకు ఇంత ఏడుపు వస్తుందని ఆశా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

గురువారం జాన్ సాహెబ్‌ని ఇంటికి తెచ్చారు. చిక్కి సగమయ్యాడు, తస్లీమ్ భుజం పట్టుకుని లోపలికి నడిచాడు. ఫిలోమినా గడపలో నిలబడి చూసింది గానీ గడప దాటలేకపోయింది. సాయంత్రం తలుపు చప్పుడైతే తీసింది. తస్లీమ్. చేతిలో మూత పెట్టిన స్టీలు గ్లాసు. పలకరించడానికి వస్తూ పాయసం తెచ్చిందనుకుంది ఫిలోమినా. అది ఇంకా భరించలేకపోయింది.

"వదినా, మా దోమే అయ్యుంటది," అంది, లోపలికి రమ్మనడం కూడా మర్చిపోయి. "నా కళ్లారా చూశా. తెరకి సందు ఉంది."

"మా షెడ్డు ఎనకమాల చూస్తే అట్టా అనవులే," అంది తస్లీమ్. గ్లాసు మూత తీసింది. లోపల నీళ్లు. నీళ్లలో పురుగులు, బొద్దుగా, గిలగిల్లాడుతూ. "ఇవి అక్కడియ్యే. రేకుల కింద పాత తొట్టి ఒకటుంది. నువ్వు బోర్లిస్తావని పైన పట్టా కప్పుతా. మూడేళ్ల నుంచీ నీకు దొరకలా. పేటకి ఫోన్ చేసి చెప్పారులే అంతా. అన్నయ్య మళ్లీ మాట్లాడట్లేదంటగా. చేపలకి పొయ్యి."

ఫిలోమినా గ్లాసు అందుకుంది. ఒక పక్క దుఃఖం, ఒక పక్క ఒళ్లుమంట. మూడేళ్లు. ప్రతి శుక్రవారం తను ఆ షెడ్డంతా జల్లెడ పట్టింది.

ఏదో అనబోయేంతలో షబ్బీర్ సోడా సీసాతో వచ్చాడు. టైర్ల గుట్టలో అడుగు టైరులోవి అని చెప్పాడు, తప్పు ఒప్పుకున్నట్టు కాక బహుమతి తెచ్చినట్టు. అతని వెనక సండే స్కూల్ టీచరు హెప్సిబా, మనీప్లాంటు సీసా పట్టుకుని. అది ఆమె హాల్లో వాక్యం రాసిన పటం వెనక ఉంటుందట. పటం వెనక ఎవరు వెతుకుతారు? ఇంకొకరెవరో కొబ్బరి చిప్ప. వీధి వీధంతా, తొమ్మిదేళ్లుగా, ఇంటికొకటి చొప్పున దాచిపెట్టిన నీళ్లు ఆ సాయంత్రం ఫిలోమినా గడప దగ్గరికి నడిచొచ్చాయి. ఒక్కొక్కరూ తెచ్చి ఇస్తుంటే ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. థాంక్స్ చెప్పాలో, గోడల మీద పెట్టిన టిక్కులన్నీ తుడిపెయ్యాలో తేల్చుకోలేక, "ఛీ, మీ బతుకులు," అంది. అందరూ నవ్వారు. తస్లీమ్ ఎక్కువ నవ్వింది.

"గేటు పడితే ఇప్పుడు ఊరికే ఎండలో నిలబడతన్నాం," అంది హెప్సిబా, లోపలికి తొంగి చూస్తూ. "అన్నయ్య ఉన్నప్పుడు రైలు ఇంకా రాలేదేంది అనే అనిపించేది కాదు."

ఐజాక్ లేచి వచ్చాడు. ఎవరినీ చూడలేదు. తస్లీమ్ గ్లాసు తీసుకుని, జాలితో వడకట్టి, తొట్టిలో వేశాడు. ముందు విడిగా, మొక్క అడుగున, విష్ణుపురానికి. అది బయటికి రాలేదు. తర్వాత ఒక కన్ను బయట పెట్టింది, తర్వాత రెండోది. తర్వాత ఒక పురుగు మాయమైంది. మిగతా ఐదూ ఒక్కసారిగా పైకి లేచాయి. గడపలో ఉన్నవాళ్లంతా లోపలికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా, తొట్టి చుట్టూ మూగారు. "ఇంతే ఉన్నయ్యేంది?" అన్నాడు షబ్బీర్, నిరాశగా.

ఐజాక్ ఖాళీ గ్లాసు పట్టుకుని తస్లీమ్ వైపు తిరిగాడు. పెదాలు కదిలాయి. ఏ చేప ఎంత తిన్నదో చెబుతాడనుకుంది ఫిలోమినా. అది చెప్పినా చాలు, బతికిపోతాను అనుకుంది.

"చెల్లెమ్మా," అన్నాడు. "బావకి జ్వరం పూర్తిగా తగ్గిందా?"

ఫిలోమినా వంటింట్లోకి పోయి పంపు తిప్పింది, ఏడుపు వినపడకుండా. సంవత్సరంలో అతను ఒక మనిషి గురించి అడగడం అదే మొదటిసారి.

అందరూ వెళ్లాక ఐజాక్ ఆ గ్లాసు మూడుసార్లు తోమాడు. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా అన్నట్టు చుట్టూ చూశాడు. ఫిలోమినా కాచిన బార్లీ నీళ్లు కనిపించాయి. పోసి, నిమ్మకాయ పిండి, మూత పెట్టి, తనే పట్టుకుని పక్కింటికి పోయాడు. గ్లాసిచ్చి వచ్చేస్తాడనుకుంది. రాలేదు. దీపాలు పెట్టారు, మసీదులో నమాజు అయిపోయింది, గుంటూరు వైపు పోయే రైలు పోయింది. అయినా రాలేదు. ఫిలోమినా కొంగు కప్పుకుని పక్కింటికి నడిచింది.

జాన్ సాహెబ్ షెడ్డు పక్కన, కిటికీ కింద ఆగింది. లోపల మంచం మీద జాన్ సాహెబ్ గొంతు నీరసంగా "ఊ" అంటోంది. మధ్య మధ్యలో ఊ అనడమే తప్ప ఇంకేమీ అనడం లేదు. మాట్లాడేది ఐజాక్.

"గేటు ఏసే ఉంది బావా. గూడ్సు కూత కూడా ఏసింది. వాడు బండి వంచుతుంటేనే చూశా. వాడి బండికి ఎనక ఒక సంచి కట్టుంది, కూరగాయల సంచి. అందులోంచి మునక్కాడలు బయటికొచ్చి ఉన్నయ్యి. నాకు అయ్యే కనపడతయ్యి బావా ఇప్పటికీ. ఇంటికేం పట్టుకెళ్తన్నాడో నాకు తెలుసు, వాడి పేరు తెలవదు. అరిచా బావా. నా పాణం మొత్తం పెట్టి అరిచా…"

"ఊ," అన్నాడు జాన్ సాహెబ్.

ఫిలోమినా గోడకి ఆనుకుని నిలబడింది. అడుగు పక్కకి వేయబోతే కాలికి చల్లగా ఏదో తగిలింది. కిటికీ కింద, గోడ వారగా, కూలరుది పాత రేకు ట్రే. దాన్నిండా వాన నీళ్లు. వీధి లైటు వెలుగులో నీళ్ల మీద పురుగులు సన్నగా కదులుతున్నాయి. ఇదీ ఆమెకి ఇన్నేళ్లూ దొరకనిదే.

వంగింది. రెండు చేతులూ ట్రే అంచు మీద పెట్టింది. లోపల ఐజాక్ ఇంకా చెబుతున్నాడు.

బోర్లించలేదు. రేకు చప్పుడవుతుంది. రేపు ఎట్లాగూ శుక్రవారమే.